మూడో అంతస్తు తలుపు

“కెమెరా వైపు సూడు పెద్దాయనా. ఫోటో పడితేగానీ రూము ఇయ్యలేను.”

చేతికర్ర పట్టుకుని నిలబడ్డ మనిషి, మాట వచ్చిన వైపే ముఖం తిప్పాడు. కౌంటరు మీది ట్యాబ్ మూడోసారి కూడా ఎర్రగా వెలిగి ఊరుకుంది.

“యాడ సూడాలో అది నోటితో సెప్పదా సామీ?”

“సెప్పదు.”

తిరుచానూరులోని ఆ లాడ్జికి ధనంజయ మేనేజరు. వెనక వరుస పెరిగిపోతోంది. విసుక్కుంటూ ఆయన గడ్డం పట్టి తిప్పి, తానే ఫోటో తీశాడు.

పేరు పెంచలయ్య. ఊరు గూడూరు.

“మూడో అంతస్తులో ఇయ్యి సామీ.”

“కండ్లు లేనోడివి, కింద రూము మేలు కదా?”

“మూడో అంతస్తే కావల్ల.”

మధ్యాహ్నం గురవమ్మ దిగివచ్చింది. గదులు ఊడ్చి, దుప్పట్లు మార్చే మనిషి.

“సార్, పొద్దున వచ్చినాయన లిఫ్టు ముందర కుర్చీ ఏసుకోని కూసున్నాడు. ఎవురు తలుపు పట్టుకున్నా ఆగమంటా ఉండాడు. పిలకాయలు జడుసుకుంటా ఉండారు.”

ధనంజయ పైకి వెళ్ళాడు.

పెంచలయ్య లిఫ్టు తలుపు సందుకు చెంప ఆనించి కూర్చున్నాడు.

“ఏం సేస్తా ఉండావు ఈడ?”

“ఇట్ట రా సామీ. సందులో సెయ్యి పెట్టు.”

ధనంజయ వేళ్ళకు చల్లటి గాలి తగిలింది.

“లిఫ్టు పెట్టె ఈడుంటే గాలి రాదు. ఇప్పుడది కిందుండాది. అయినా సూడు.”

పెంచలయ్య పిడి పట్టి లాగాడు. తలుపు సులువుగా తెరుచుకుంది.

లోపల చీకటి. నూనె వాసన. సన్నగా ఊగుతున్న ఇనుప తాళ్ళు.

ధనంజయ గబుక్కున వెనక్కి జరిగాడు.

“పెట్టె వచ్చి నిలబడేదాకా ఈ తలుపు తెరుసుకోగూడదు. లిఫ్టు నిలిపెయ్ సామీ. మిద్ది మీద మిషను రూము తాళం ఇయ్యి.”

“తాళం నీకెందుకు?”

ఆయన తలుపు మెల్లగా మూశాడు.

“మీ ఓనరుకు ఫోను సెయ్. నా పేరు సెప్పు, సాలు.”

ఓనరు బెంగళూరులో ఉంటాడు. ధనంజయ చెప్పిందంతా ఫోనులో విన్నాడు. పేరు చెప్పగానే అటువైపు మాట ఆగిపోయింది. లైను తెగిందేమో అనుకున్నాడు ధనంజయ.

“సార్?”

“ఇంకేమన్నా సెప్పినాడా నీకు?”

“లేదు సార్.”

“అయితే ఇప్పుడే పంపించెయ్. లిఫ్టు మాత్రం ఆపొద్దు. ఎల్లుండి అమ్మవారి పంచమీతీర్థం, రూములన్నీ నిండినాయి.”

ఆ గొంతులో కోపం కాదు, భయం ఉంది. ఎందుకో ధనంజయకు అర్థం కాలేదు. అడగడానికి ధైర్యమూ చాలలేదు.

ధనంజయ గదిలోంచి పెంచలయ్య సంచి తెచ్చి ఆయన చేతికిచ్చాడు.

“నువ్విట్ట కూసుంటే జనం భయపడతారప్పా.”

“భయపడనీ సామీ. అదే మేలు.”

మెట్ల దగ్గర గురవమ్మ ఎదురైంది.

“పోతా ఉండావా అన్నా?”

“పొమ్మన్నారు. అమ్మా, ఆ తలుపు లాగే ముందు సందు కాడ సెయ్యి పెట్టు. గాలి తగిలితే ఆగిపో. మరిసిపోవద్దు తల్లీ.”

“మరిసిపోనులే అన్నా.”

కర్రతో ఒక్కో మెట్టూ తడుముతూ దిగాడు. వీధిలో పూలమ్మేవాళ్ళ కేకల మధ్య ఆ కర్ర చప్పుడు కాసేపు వినిపించింది, తర్వాత కలిసిపోయింది.

ధనంజయ కుర్చీ తీయించాడు. తలుపు మీద జాగ్రత్త అని కాగితం రాసి అంటిద్దామనుకున్నాడు. అంతలో కౌంటరు దగ్గర ఎవరో పిలిచారు.

రాత్రి రెండుసార్లు ఆ గాలి గుర్తొచ్చింది. పండగ కానిమ్మని సర్దిచెప్పుకున్నాడు.

పంచమీతీర్థం నాడు పొద్దున పది గంటలకు పైనుంచి ఒక కేక వినబడింది. సగంలోనే ఆగిపోయింది.

ధనంజయకు ఏమీ చూడకుండానే తెలిసిపోయింది. మెట్ల మీదుగా పైకి పరిగెత్తాడు.

గురవమ్మ ఉతికిన దుప్పట్లు ముఖం దాకా ఎత్తుకుని వచ్చిందట. రెండు చేతులూ ఖాళీ లేవు. చిటికెన వేలితో పిడి లాగి, రోజూ వేసే అడుగే వేసింది.

లిఫ్టు గోతి అడుగున తెల్లటి దుప్పట్లు చెదిరి పడి ఉన్నాయి. వాటి కింద ఆమె కదల్లేదు.

సాయంత్రం చిత్తూరు నుంచి మునిప్రసాద్ అనే లిఫ్టు మెకానిక్‌ను పిలిపించారు. పోలీసులు చూస్తుండగా తలుపు లాకు విప్పాడు. లోపలి వైరు చుట్టిన తీరు గుర్తుపట్టి, దాన్ని వదలకుండానే అడిగాడు.

“కండ్లు లేని మనిషి ఎవురన్నా ఈడికి వచ్చినాడా సార్?”

ధనంజయ ముందుకొచ్చాడు.

“గూడూరాయన. ఓనరు మాట ఇని, పిచ్చోణ్ణి తరిమినట్టు ఎల్లగొట్టినాను.”

మునిప్రసాద్ వైరు వదిలేశాడు.

“పిచ్చోడు కాదు సార్, నాకు పని నేర్పించిన మేస్త్రీ. లిఫ్టు మాటిమాటికీ ఆగిపోతా ఉందని మీ ఓనరు ఒత్తిడి సేస్తే, పదేండ్ల కింద ఈ లాకు తప్పించి వైరు డైరెక్టు కలిపింది ఆయనే. సూపు పోయినాంక, తాను అట్ట సేసిన తలుపులన్నీ ఊరూరా ఎతుక్కుంటా పోయి, సేత్తో తడిమి బాగుసేసి వస్తా ఉండాడు సార్, ఇదొక్కటే మిగిలింది.”