వంటింటి గోడకు చెవి

కొలువు ఇచ్చే ముందు కంపెనీలు ఇంటిని కొలిచే రోజులవి. డిగ్రీ పుచ్చుకుని తణుకు తిరిగొచ్చిన హైమ కోసం కంపెనీవాళ్లు వంటింటి గోడకు వినే యంత్రం ఒకటి బిగించారు. ఇంట్లో ఎవరి గొంతు లేచినా హైమ మార్కులు పడిపోతాయి. అందుకని తల్లి శేషారత్నం నోటిదాకా వచ్చిన తిట్లన్నీ మింగి, "హైమగారూ, పొద్దెక్కింది, లేస్తారా?" అని పిలిచేది. హైమకు సొంతింట్లో అద్దెకున్నట్టుండేది.

చివరికి ఉద్యోగం లేదన్నారు. మెకానిక్ వచ్చి యంత్రం ఊడదీసుకుపోయాడు. అమ్మ ముఖం ఎలా చూడాలో తెలియక హైమ గుమ్మంలోనే నిలబడింది.

"అలా గుడ్లప్పగించి చూస్తావేంటే, మొద్దుమొహమా? పప్పు మాడిపోతంది, గరిటె తిప్పు."

హైమ గరిటె అందుకుంది. "ఇంకొకటి తిట్టమ్మా," అంది మెల్లిగా.

"తిన్నాక తిడతాను. ముందు తిప్పు."