వాగవతలి ఊరు

"రెండో దోమతెర ఏది తాతా?"

పొద్దున్నుంచి సాయిప్రియ ఇది అడగడం పదకొండోసారి. చర్ల అడవిలో వాగుకు ఇవతలున్న ఈ ఊరికి, పోయినేడు ఇంటికి రెండు చొప్పున దోమతెరలు పంచింది తనే. ప్రతి తెర మూలనా ఇంటి నంబరు రాసింది కూడా. ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా ఒక్కటే వేలాడుతోంది. దాని కిందే నలుగురేసి పిల్లలు ఇరుక్కుని పడుకుంటున్నారు.

"ఉన్నది బిడ్డా. యాడికి పోతది?" అన్నాడు బొజ్జయ్య, చిక్కుడుకాయలు రెండు కుప్పలుగా పోస్తూ.

"అమ్ముకున్నరా?"

ముసలాయన చెయ్యి ఆగింది. "దేవుడికి పండుగ చెయ్యంది కొత్త చిక్కుడే ముట్టం. తెరలు అమ్ముకుంటమా?"

ఆమెకు ఒళ్ళు మండింది. డబ్బిచ్చే సంస్థకు సాయంత్రంలోగా రిపోర్టు పంపాలి. వాళ్ళది ఒకటే ప్రశ్న: పెట్టిన రూపాయికి మలేరియా ఎంత తగ్గింది? అది తేల్చడానికే ఇవతలి ఊరికి తెరలిచ్చి, అవతలి ఊరిని ఏడాది ఆగమన్నారు. "వాళ్ళకు జరమొస్తెనే మీ లెక్క తేలుతదా?" అని ఆనాడే అడిగాడు బొజ్జయ్య. తెరలు ఊరు దాటొద్దని మాత్రం గట్టిగా చెప్పి వెళ్ళిపోయింది సాయిప్రియ.

ఫోన్ మోగింది. ఆఫీసు నుంచి, ఆమె పైఅధికారి రవీందర్ సార్.

"రక్తపరీక్షల లెక్క చూసినవా? నిరుడు తెరలియ్యకముందు రెండూళ్ళల్ల ముప్పై చొప్పున మలేరియా కేసులు. ఈ ఏడు తెరలిచ్చిన ఊర్ల నాలుగు, ఇయ్యని ఊర్ల అయిదు. వానలు తక్కువ పడ్డయి, రెండు దిక్కుల తగ్గింది. తెరలతోని అయ్యిందేం లేదు. ఇగ ఆపెయ్యమని రాస్తున్న."

ఏడాది తిరుగుడంతా కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. ఆపేస్తే వచ్చే వానాకాలం అడవిలోని నలభై ఊళ్ళకు తెరలుండవు. మూడేళ్ళ కింద బొజ్జయ్య మనవరాలిని బండి మీద భద్రాచలం దవాఖానాకు తీసుకుపోతుంటే, దారిలోనే ఆ పసిదాని ఒళ్ళు చల్లబడింది. ఆ బరువు సాయిప్రియ చేతులు ఇంకా మరిచిపోలేదు.

"సాయంత్రం దాక ఆగుండ్రి సార్. అవతలి ఊరికి పోయొస్త."

"ఆడ తెరలే లేవు గదా. ఏం చూస్తవ్?"

"అవి లేకుంట ఎట్ల తగ్గిందో చూస్త."

ఆమె లేవగానే బొజ్జయ్య ఒక కుప్పను గంపకెత్తాడు. "అటే పోతున్నవు గదా, మా చెల్లె ఎర్రమ్మకియ్యి."

"సగానికి సగమా?"

"చిక్కుడన్న, ఇప్పపువ్వన్న, ఏదన్న గంతే బిడ్డా. మా తాతల కాలం నుంచి సగం అవతలికి పోవాల్సిందే."

మోకాలి లోతు వాగు దాటి, దారి అడుగుతూ ఎర్రమ్మ ఇల్లు చేరింది. పిలిస్తే ఎవరూ పలకలేదు. గంప గడప మీద దించి, లోపలికి తొంగిచూసింది.

నిద్రపోతున్న పసిపిల్ల మీద కట్టిన దోమతెర మూలన, తను రాసిన బొజ్జయ్య ఇంటి నంబరు ఉంది.