చిలక బొమ్మ అట్ట

“వేలు ఇటియ్యి సుక్కవ్వా, సిరా ఆరిపోతున్నది,” అంటూ వీరస్వామి ముసలామె బొటనవేలిని గట్టిగా పట్టుకున్నాడు.

సుక్కమ్మ వేలు వెనక్కి లాక్కుంది. “ఆగు బిడ్డా. జర సూడనియ్యి.”

“ఏం సూస్తవ్?”

“కాయితం.”

వీరస్వామికి నవ్వాగలేదు. ఇబ్రహీంపట్నం రిజిస్ట్రేషన్ ఆఫీసులో వరుస కట్టిన జనమంతా తిరిగి చూసేలా నవ్వాడు. ఔటర్ రింగు రోడ్డు వస్తోందన్న మాట చెవిన పడ్డప్పటి నుంచి ఈ చుట్టుపక్కల పంటల కంటే ప్లాట్ల రాళ్లే ఎక్కువ మొలుస్తున్నాయి, అతనిలాంటి బ్రోకర్లకు కంటిమీద కునుకు లేదు. సుక్కమ్మ అమ్ముతానన్నది గుట్ట కింది రాళ్ల చెలక, సర్వే నంబరు 214. అతగాడు కాగితంలో ఎక్కించింది సాగర్ రోడ్డు పక్కనున్న బోరు పొలం, 241. ఆ ఇంటిల్లిపాదీ నాలుగు మెతుకులు తినేది ఆ పొలం మీదే. ఎవరైనా పట్టుకుంటే టైపు కొట్టినవాడి మీదికి తోసేయొచ్చు. అసలు పట్టుకునేదెవరు? ఊళ్లో అంగన్‌వాడీ ఆయా అన్న పేరే గాని, సుక్కమ్మకు సంతకం కూడా రాదు.

“ఇది మీ అంగన్‌వాడీ గాదవ్వా. ఆడ పోరగాండ్లతోని చిక్కుడు గింజలు ఏరిపిచ్చి గీతల మీద పెట్టిపిస్తవ్ సూడు, గట్లాంటి ఆటనుకున్నవా?”

“గింజ పెడ్తెనే వేలు కుదురుతది. వేలు కుదిరితె కన్ను దానెంట నడుస్తది. సదువుకు ముందల గదే సదువంట, మా అరుణ టీచర్ జెప్పింది.”

“మరి నీకు కుదిరిందా?”

జనం గొల్లుమన్నారు. సుక్కమ్మ మాత్రం తొణకలేదు. “సూద్దాం,” అంది.

బల్ల వెనకున్న అధికారి తలెత్తాడు. “భూమి ఆమెది. చూడనియ్యవయ్యా, నీకేం తొందర?”

సుక్కమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. మనవరాలు పూజితను ఒళ్లో ఎక్కించుకుంది. నాలుగేళ్ల పిల్ల. దాని చేతిలో అంగన్‌వాడీ నుంచి తెచ్చుకున్న అట్టముక్క, అట్ట మీద పచ్చ చిలక బొమ్మ. పొద్దున ఆటోలో వీరస్వామి ముద్దుకు ఆ అట్ట అడిగినా పిల్ల ఇవ్వలేదు.

ముసలామె చూపుడువేలు కాగితంలో మొదటి వరుస కింద పెట్టింది. వేలు ఎడమ నుంచి కుడికి మెల్లగా జరిగింది. వరుస అయిపోగానే వెనక్కి వచ్చి రెండో దాని కిందికి దిగింది. తొందర లేదు, ఒక్క వరుస దాటేయడం లేదు. పేజీ అయ్యాక కొసను రెండు వేళ్లతో పట్టి ఒక్కటంటే ఒక్కటే తిప్పింది.

వీరస్వామి నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో అతనికే తెలియదు. వందల కాగితాలు రాయించినవాడు, చదివేవాళ్ల వేలు ఎలా నడుస్తుందో అతనికి తెలియదా? ‘ఓరి దేవుడా, ఈ ముసల్ది ఎప్పుడు నేర్చిందిరా!’ అనుకున్నాడు.

“సుక్కవ్వా, సార్ అన్నానికి పోవాలె.”

“గీ ఒక్క పేజే ఉన్నది.”

ఆ ఒక్క పేజీలోనే ఉంది సర్వే నంబరు. వేలు పై వరుస దాటింది, దాని కింది వరుస దాటింది. వీరస్వామి చొక్కా వీపుకు అంటుకుపోయింది. వేలు 241 కిందికి వచ్చింది. అప్పుడే పిల్ల ఒళ్లో మెసిలింది. అట్టను అటూ ఇటూ తిప్పింది, అవ్వ మెడ వాటేసుకుని చెవిలో ఏదో గొణిగింది.

వీరస్వామికి ప్రాణం లేచొచ్చింది. “పాపం, పొల్లకు ఒంటికొస్తున్నట్టుంది! బయటకు తోల్కపో అవ్వా, ముందు ముద్ర ఏసి పో!”

సుక్కమ్మ లేవలేదు. వేలూ కదల్లేదు. “సార్, ఈడ తప్పున్నది.”

“టైపు తప్పు సార్!” వీరస్వామి ఎగిరిపడ్డాడు. “214 కొట్టమంటె వాడు 241 కొట్టిండు! నాకేం తెల్వదు, అమ్మతోడు!”

అధికారి కళ్లద్దాలు తీసి అతని వైపు చూశాడు. “ఏం తప్పో ఆమె ఇంకా చెప్పనేలేదు కదయ్యా?”

వరుసలో ఎవరో ఈలేశారు. ఇందాక ముసలామెను చూసి నవ్వినవాళ్లే ఇప్పుడు కడుపు పట్టుకుని వీరస్వామిని చూసి నవ్వుతున్నారు. అధికారి కాగితాల మీద అడ్డంగా గీత కొట్టి పక్కన పడేశాడు. సుక్కమ్మ లేచి, బొటనవేలి సిరాను వీరస్వామి తెల్లచొక్కా భుజానికి తీరిగ్గా తుడిచింది.

“నీ సిరా నువ్వే ఉంచుకో బిడ్డా. బోరు పొలం లేదు, రాళ్ల చెలకా లేదు. పో.”

ఆమె మొహం వెలిగిపోతోంది. పిల్లను చంకనేసుకుని దర్జాగా గుమ్మం దాకా నడిచింది. వీరస్వామి ఉండబట్టలేక వెంటపడ్డాడు.

“ఒక్క మాట జెప్పి పో సుక్కవ్వా. గీ సదువు ఎప్పుడు నేర్చినవ్?”

సుక్కమ్మ పిల్ల చేతిలోని అట్టను వెనక్కి తిప్పి చూపించింది. చిలక వెనక, అరుణ టీచర్ లావుపాటి అంకెలతో రాసిన నంబరు: 214.

“నాకు సదువెక్కడిది? దగ్గరిదైతె కండ్లు గూడ ఆనవాయె, అంత నల్లగ అలుక్కపోయినట్టె కొడ్తది. మేం రోజు ఆడే జతల ఆటే ఆడినం. ‘దీనికి జత కుదుర్తలేదవ్వా, ఎన్కముందు పెట్టిన్రు’ అని ఇది చెవుల జెప్పింది,” అంటూ ఆమె పూజిత బుగ్గ మీద ముద్దు పెట్టింది. “వేలు నాది బిడ్డా, కన్ను దీనిది.”