తెలిసిన కొట్టు

ఆ ఉదయం ఆకాశం సున్నం వేసిన గోడలా తెల్లగా ఉంది. ఎండ లేదు. వాన వచ్చే సూచనా లేదు. కెమెరా చూసి కొనుక్కోవడానికి అంతకంటే మంచి వెలుతురు దొరకదని ఫొటోగ్రాఫర్ పెందలాడే బయల్దేరాడు.

"మళ్లీ చెబుతున్నా, తెలిసిన కొట్లో మాత్రం కొనకు" అంది భార్య, అతని చొక్కా కాలరు సరిచేస్తూ. "తేడా వస్తే నోరెత్తి అడగలేవు. నీ సంగతి నాకు తెలుసు."

కొట్టిపారేసే మాట కాదు. ఇన్నాళ్లూ అద్దె గదిలో పాస్‌పోర్టు ఫొటోలు తీసి నెట్టుకొచ్చాడు. వచ్చే నెలలో, మూతపడ్డ మిల్లు పొగగొట్టాన్ని కూలుస్తున్నారు. అది ఒరగడం మొదలైన దగ్గర్నుంచి నేల తాకేదాకా ఫొటోలు తీయమని కూల్చే కంపెనీవాళ్లు పిలిచారు. బాగా వస్తే ఏడాది పొడుగునా వాళ్ల పనే. అందుకే ఎనిమిదేళ్లు కూడబెట్టిందంతా ఒక్క కెమెరాలో పెట్టడానికి తెగించాడు.

మొదటి కొట్లో సేల్స్‌మన్ పాఠం అప్పజెప్పినట్టు గడగడా చదివేశాడు. "డబ్బా విప్పి చూడొచ్చా?" అంటే, "కొన్నాక మీ ఇష్టం సార్" అన్నాడు.

రెండో కొట్లో వారంటీ కార్డు మీద వేరే కొట్టు ముద్ర ఉంది. ఇదేమిటంటే, "రెండూ మావేనండీ" అంది గల్లా దగ్గరున్నావిడ. అవతలి కొట్టు ఎక్కడుందో చెప్పమంటే ఆవిడకి గుర్తు రాలేదు.

చివరికి మూలమీది పాత కొట్లోకే వెళ్లాడు.

"రా తమ్ముడూ, రా! బజారంతా గాలించాక గానీ నా గుమ్మం గుర్తు రాలేదన్నమాట" అన్నాడు కొట్టాయన.

"ఊరికే చూద్దామని, అన్నయ్యా."

"ఊరికే చూసేవాడి మొహం ఎలా ఉంటుందో నాకు తెలీదా? కూర్చో."

కొట్టాయన చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని వచ్చాడు. అద్దం బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచాడు. డబ్బా మీది సీలు తనే కోశాడు. "కోశాను కదా అని కొనక్కర్లేదు. పట్టుకుని చూడు."

ఫొటోగ్రాఫర్ గుమ్మంలోకి వెళ్లి తెల్లటి ఆకాశాన్ని ఒక ఫొటో తీశాడు. కెమెరా లోపల దుమ్ముంటే అందులో నల్లటి చుక్కలై బయటపడుతుంది. పెద్దది చేసి మూలమూలా వెతికాడు. ఒక్క చుక్క లేదు.

"నువ్వే చెప్పు, అన్నయ్యా. తీసుకోమంటావా?"

"వద్దంటే నా బేరం పోతుంది. తీసుకోమంటే నువ్వు నన్ను నమ్మాలి" అంటూ కొట్టాయన నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు. "నీకు తప్పుడు సరుకు ఇస్తానా, తమ్ముడూ?"

అంతే. భార్య మాట ఎక్కడికి పోయిందో పోయింది. కొనేశాడు.

పొగగొట్టం కూల్చే రోజున, కట్టిన తాడుకి ఆనుకుని ముందు వరసలో నిలబడ్డాడు. ఈల మోగింది. పొగగొట్టం నడుము దగ్గర కదిలింది. సరిగ్గా అప్పుడే కెమెరాలో ఏదో పుటుక్కుమంది. తెర నల్లబడింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. దుమ్ము లేచి, మబ్బులా పైకెళ్లి, నెమ్మదిగా జనం తలల మీదికి దిగింది.

కంపెనీ మేనేజరు దగ్గుకుంటూ వచ్చాడు. "పడిందా?"

పొగగొట్టమే పడింది. ఫొటో పడలేదు.

మర్నాడు, కెమెరాలు బాగుచేసే ఆవిడ కంటికి భూతద్దం తగిలించుకుని దాన్ని విప్పింది.

"ఎక్కడ కొన్నావయ్యా?"

"కొత్తదేనండీ. మూలమీది పాత కొట్లో."

ఆవిడ చెయ్యి ఆగింది.

"కొత్తదా? లక్షన్నర ఫొటోలు తీసి అరిగిపోయింది ఇది. ఈ మరమేకు మీద ఎర్ర చుక్క చూశావా? నా గోళ్లరంగే. నేను విప్పిన ప్రతి కెమెరాకీ పెడతాను. ఏడాది కిందట దీన్ని నా దగ్గరకి తెచ్చింది ఆ కొట్టాయనే. ఇక ఎన్నాళ్లో రాదని చెప్పి మరీ ఇచ్చాను."

ఫొటోగ్రాఫర్ విప్పిన ముక్కలన్నీ ఒక కవర్లో వేయించుకున్నాడు.

ఆదివారం కొట్టు ఒంటిపూటే. అతను వెళ్లేసరికి కొట్టాయన ఒకావిడకి లెన్సు చూపిస్తున్నాడు. "నీకు తప్పుడు సరుకు ఇస్తానా, చెల్లెమ్మా?" అంటున్నాడు.

ఆవిడ వెళ్లేదాకా ఆగి, కవర్ని బల్ల మీద బోర్లించాడు. ఎర్ర చుక్క ఉన్న మరమేకు అద్దం మీద దొర్లుకుంటూ వెళ్లి కొట్టాయన వేళ్ల దగ్గర ఆగింది. కొట్టాయన దాన్ని చూశాడు. గుడ్డ తీసుకుని, శుభ్రంగానే ఉన్న బల్లని తుడవసాగాడు.

"తెలిసే ఇచ్చావా?"

"అన్నాళ్లు పనిచేసింది, ఇంకో రెండేళ్లు చెయ్యదా అనుకున్నా, తమ్ముడూ."

"తమ్ముడూ అనకు."

"అదేంటి? కొట్లోకి వచ్చిన ప్రతివాళ్లనీ..."

"అదే. ప్రతివాళ్లనీ అలాగే పిలుస్తావు. ఆ సంగతి నేనే మర్చిపోయాను."

కొట్టాయన గుడ్డ మడిచాడు. విప్పి మళ్లీ మడిచాడు. "ఇంకోటి ఇస్తాలే. ఈసారి నిజంగా కొత్తది. పట్టుకెళ్లు."

"పొగగొట్టం కూడా ఇస్తావా?"

కొట్టాయన లైట్లు ఆర్పి, షట్టరు దించి, తాళం వేశాడు.

ప్రతి ఆదివారంలాగే ఒంటిగంటకు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒక్క మాటా లేకుండా భోంచేస్తుంటే, ఎవరి కంచంలో ఏం తక్కువైందోనని ఇద్దరి వైపూ మార్చి మార్చి చూస్తూ కూర్చుంది, ఇద్దరినీ కన్నతల్లి.