త్రిమూర్తులుగారి పెట్టె

"చిట్టీ ఈ నెలతో అయిపోతుంది కదండీ?"

అయ్యప్ప నోటిదాకా వెళ్లిన ఇడ్లీ ముక్క అక్కడే ఆగింది. వంటగది పెంకుల్లోంచి కారే నీటి కింద బకెట్టు మార్చి వచ్చిన మాధురి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ అతని ఎదురుగా నిలబడింది.

"ఆ... అవుతుంది," అన్నాడు.

"ఆదివారం బంగారయ్యగారి దగ్గర డబ్బులు తెచ్చేయండి. స్లాబైనా సరే, రేకులైనా సరే, వానలు ముదిరేలోపు పైకప్పు వేయించేద్దాం. పొయ్యి మీద గొడుగు పట్టుకుని వండలేక చస్తున్నానండీ."

"అలాగే," అన్నాడు అయ్యప్ప. ఆ మాట అనడానికి ధైర్యం అక్కర్లేదు. ఆదివారం వట్టి చేతులతో ఇంటికి రావడానికే కావాలి.

ఎందుకంటే ఆ చిట్టీ అతను ఏడాదిన్నర కిందటే పాడేసుకున్నాడు. అంబాజీపేట బంగారయ్యగారు చేతిలో పెట్టిన డబ్బంతా వారం తిరక్కుండా ముందుగదిలో గోడ పక్కకి చేరింది. కింద నడుమెత్తు స్పీకరు పెట్టె, దాని మీద ఆంప్లిఫయరు.

పగలు రొయ్యల మేత దుకాణంలో పనిచేసే అయ్యప్ప, సాయంత్రాలు త్రిమూర్తులుగారి ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయిస్తాడు. పాటగాడు గొంతొక్కటీ వెంటబెట్టుకొస్తే చాలు. బేస్ గిటారు వాడి ఖర్మ వేరు. గిటారు కొన్నాక దాన్ని వినిపించడానికి అంతకు నాలుగింతలు పోయాలి. అతని పాత పెట్టె రావులపాలెం రిసెప్షన్లో, సరిగ్గా పెళ్లికూతురు స్టేజీ ఎక్కే వేళకి గుర్రుమని మొరాయించింది. "ఆ దున్నపోతుని ఎవరైనా బయటికి తోలండర్రా," అన్నాడు పెళ్లికొడుకు మేనమామ. జనం ఘొల్లుమన్నారు. అంత మాట పడ్డాక ఏ వాయిద్యగాడు మాత్రం వంటగది కప్పు గురించి ఆలోచిస్తాడు?

కొనేశాడు. కొన్నాక మాధురితో నిజం చెప్పడానికి నోరు రాలేదు. "త్రిమూర్తులుగారిది. ఆయనది మేడమీద వాటా, మెట్లు ఇరుకు, ఎక్కించలేరు. మన ఇంట్లో ఉంచమన్నారు," అన్నాడు. మాధురి దానికి పాత చీరతో ముసుగు కుట్టింది. రోజూ దుమ్ము దులిపేది. పిల్లల్ని చెయ్యి వేయనిచ్చేది కాదు. పరాయి సొత్తంటే ఎంత భద్రమో అని, చూసినప్పుడల్లా అయ్యప్పకి సిగ్గేసేది.

సిగ్గుతో సరిపోలేదు. పెట్టె వచ్చిన నెలలోనే త్రిమూర్తులుగారు ప్రోగ్రాం డబ్బుల్లో ఐదొందలు తగ్గించి ఇచ్చారు.

"ఇదేంటండీ?"

"అద్దె. మీ ఆవిడ ఫోన్ చేసిందయ్యా. 'బాబాయిగారూ, మీ పెట్టె మా ముందుగదంతా ఆక్రమించేసింది, ప్రోగ్రాముకి ఐదొందలు పంపించండి' అంది. అది నాది కాదని చెప్పమంటావా?"

"వద్దండీ బాబూ."

"పోనీ, నీ పెట్టెకి నా జేబులోంచి అద్దె కట్టమంటావా?"

"అదీ వద్దండీ."

"ఆయ్, మరింకేం," అని ఆయన మిగతా డబ్బు లెక్కపెట్టకుండానే చేతిలో పెట్టారు. అప్పటినుంచీ పెళ్లయినా, తీర్థమైనా, సొంత పెట్టెకి సొంత ఇంట్లో అద్దె కట్టుకుంటూ వచ్చాడు అయ్యప్ప. ఆ డబ్బు త్రిమూర్తులుగారి ఫోన్లోంచి మాధురి ఫోన్లోకి వెళ్లేది.

శనివారం దుకాణం కట్టేయగానే ఆయన దగ్గరికి పరిగెత్తాడు.

"పెట్టె అమ్మేస్తానండీ. ఎవరైనా ఉంటే చూడండి."

"చూస్తాగానీ, సగం ధర కూడా పలకదు. అయినా అది అమ్మేసి గిటారుని గోడకి తగిలిస్తావా? ఇంటికెళ్లి నిజం చెప్పు. నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటుంది."

"తిడితే పడతానండీ. ఇంకెప్పుడూ నా మాట నమ్మదేమోనని భయం."



ఆదివారం అంబాజీపేట వెళ్తున్నానని బయల్దేరాడు. వెళ్లలేదు. వెళ్లి చేసేదేముంది? బస్టాండు దగ్గర టీ మీద టీ తాగి, చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుని, మధ్యాహ్నానికి ఇంటిముఖం పట్టాడు. ఏదైతే అదయింది, చెప్పేయడమే అనుకున్నాడు. సందు మలుపు తిరిగేసరికి సుత్తి చప్పుడు వినిపించింది.

వంటగది మీద తాపీమేస్త్రీ బుల్లబ్బాయి కూర్చుని నీలం రేకు బిగిస్తున్నాడు.

"వచ్చేరాండీ? సాయంత్రానికి అయిపోద్దండి. ఇంక చుక్క దిగితే నన్నడగండి."

అయ్యప్ప గబగబా లోపలికి వెళ్లాడు. మాధురి తడిసిన డబ్బాలన్నీ ఆరబెడుతోంది.

"ఇదంతా... డబ్బులెక్కడివి?"

"అద్దెలండీ. త్రిమూర్తులు బాబాయిగారు ఎప్పటికప్పుడు వేసేరు కదా, ముట్టుకోకుండా దాచేను. రేకులకి సరిపోయేయి."

"మరి చిట్టీ..."

"ఇప్పుడు దాంతో పనేముందండీ? మీ ముచ్చట ఏదైనా ఉంటే తీర్చుకోండి. ఇంక ఆ ఊసొద్దు."

అయ్యప్పకి పోయిన ప్రాణం లేచొచ్చింది. కూడబలుక్కున్న మాటలన్నీ గుటుక్కున మింగేశాడు. ఇన్నాళ్లూ పళ్లు నూరుతూ కట్టిన అద్దే తన పరువు నిలబెట్టిందని తలుచుకుంటే నవ్వొచ్చింది. గుండెలమీద పెట్టుకుని తిరిగిన బరువు దిగిపోయి, చాలా రోజుల తర్వాత తృప్తిగా భోంచేశాడు.

సాయంత్రం కొత్తపేటలో ప్రోగ్రాం. ఆటో రాగానే పెట్టె ఒక పక్క అతను పట్టుకుంటే, రెండో పక్క మాధురి పట్టింది. ఇద్దరూ కలిసి జాగ్రత్తగా ఎక్కించారు. ఆమె ముసుగు సర్ది, తాడు గట్టిగా ఉందో లేదో లాగి చూసింది.

"వెళ్లొస్తాను," అన్నాడు అయ్యప్ప, ఈల వేసుకుంటూ ఎక్కి కూర్చుని.

"మంచిదండీ. స్నానాలగది కప్పు కూడా కారుతోంది," అంది మాధురి. "మీరు కట్టే అద్దె మాత్రం ఆపకండి."