సీసా పట్టిన చేతులు

బిలియర్డ్స్ కర్ర సీసా మూతి అంచులు తగలకుండా లోపలికి పోయి రావాలి. రోజూ అట్లా సాధన చేస్తే దెబ్బ సూటిగా పడుతుందని చిట్యాల దగ్గరి దొరకు ఎవరో చెప్పారు. సీసాను బల్ల మీద కదలకుండా పట్టుకునే వెట్టి గొల్ల బీరప్ప మీద పడింది.

కర్ర గురి తప్పినప్పుడల్లా అతని వేళ్లకు తగిలేది. ఇంట్లో భార్య గోపమ్మ పసుపు రాస్తూ, "సీసను జర పక్కకు జరుపరాదు?" అనేది.

బీరప్ప అదే చేశాడు. కర్ర ఎటు వంకరపోతే సీసా మూతిని అటు జరిపేవాడు. తన చెయ్యి కుదిరిందని దొర మురిసిపోయాడు.

నల్గొండ క్లబ్బు పోటీలో సీసా లేదు. దొర అందరి ముందు చిత్తుగా ఓడిపోయాడు. ఊళ్లోని తన గడికి రాగానే బీరప్పను పిలిపించాడు.

"సీస జరిపినవారా?"

"దెబ్బకు ఓర్వలేక జరిపిన దొరా. నీ బాంచెన్, తప్పయింది."

దొర తిట్టలేదు, కొట్టలేదు. బీరప్ప చేతులను సీసాతో సహా తోలు పట్టీలతో బల్లకు కట్టించి, మళ్లీ సాధన మొదలుపెట్టాడు.

మరుసటి ఏడు పోటీలో దొరే గెలిచాడు. నిజంగానే అతని దెబ్బ సూటిగా పడింది. గడి ముందు డప్పులు మోగాయి.

ఆ రోజు గొర్రెల ఉన్ని కత్తిరించింది గోపమ్మే. పని ముగించి చేతులు కడుక్కొని, జొన్న గటక ముద్ద చేసి బీరప్ప ముందు కూర్చుంది.

"నోరు తెరువు," అంది.