నెగ్లిజెన్స్ కాదని రాయండి

డెబోరా టీచరు కంచం ముందు కూర్చుందో లేదో, ముత్యాలయ్య నోటీసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేశాడు. వెనకే పక్క బోటు కృపాదానం.

“దీంట్లో నన్నేదో తిట్టినారమ్మా. నెగ్లిజెన్సంట. ఏందది?”

ఆదివారం కూడా తిననివ్వరు కదా అని విసుక్కుంటూనే ఆవిడ చెయ్యి కడుక్కుంది. ఇంగ్లీషు మాట చెవిన పడితే ఆవిడకి ఆకలి గుర్తుండదు.

పోయిన వారం ముత్యాలయ్య బోటు, దాంతోపాటే కృపాదానం బోటూ రేవులోంచి ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయి, మర్నాడు మైపాడు ఇసకలో తేలాయి. జనం వాటిమీదెక్కి సెల్ఫీలు కూడా దిగారట. పది రోజుల్లో సరైన సంజాయిషీ ఇవ్వకపోతే ఈ ఏడాది వేటకి పర్మిషన్ రద్దు. అదీ నోటీసు. కృపాదానానిది ఇంకా రావాలి.

తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకోకపోతే నెగ్లిజెన్స్ అని టీచరు వివరించింది. పొయ్యి మీద పాలు పెట్టి టీవీ ముందు కూర్చుంటే నెగ్లిజెన్స్. తలుపులేసుకున్నా పిల్లి కిటికీలోంచి దూకి గిన్నె తన్నేస్తే కాదు.

ముత్యాలయ్యకి మాట భలే నచ్చింది. నిన్న చేపల పులుసులో ఇంటావిడ ఉప్పు వేయకపోవడం నెగ్లిజెన్సేనా అని అడిగి, అవుననిపించుకుని, ఎంతో తృప్తిపడ్డాడు. తన సంగతికి వచ్చేసరికి మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“వేట లేకుంటే మేమేం తినాలమ్మా? మూడు ముళ్ళేసి కట్టినా. ఆ ముడి ఇప్పటికీ ఊడలా.”

తన కళ్ళతో చూశానని కృపాదానం సాక్ష్యం చెప్పాడు. కావాలంటే బైబిలు మీద చెయ్యేస్తానన్నాడు.

తాడు తెగలేదు, ముడి ఊడలేదు. ఇంకేం కావాలి! టీచరుకి పూనకం వచ్చేసింది. ఇంత జాగ్రత్త గల మనిషికి ఈ మాట అంటగట్టడమే అసలు నెగ్లిజెన్స్ అని ఇంగ్లీషులో రెండు పేజీలు దంచేసింది. చదివి వినిపిస్తే ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఇద్దరూ తలలూపారు.

ఇక ఒక్క ఖాళీ మిగిలింది. గట్టు మీద ఏ ఇనుప దిమ్మెకి కట్టాడో నంబరు చెప్పమంది.

గట్టున చోటు లేనప్పుడు పక్క బోటుకి కట్టుకోవడం రేవులో మామూలేననీ, తను కృపాదానం బోటుకి కట్టాననీ ముత్యాలయ్య చెప్పాడు. అయితే కృపాదానం బోటు ఏ దిమ్మెకి ఉందో ఆ నంబరే వేస్తానని ఆవిడ పెన్ను పట్టుకుంది.

సాక్షి సంతకం పెడుతున్న కృపాదానం తలెత్తకుండానే చెప్పాడు: “నేను ముత్యాలయ్యన్న బోటుకే కట్టినా గదమ్మా.”